వెనక రెండు ప్లగ్గులు

ఆగస్టు 4, సోమవారం

వెనక రెండు ప్లగ్గులూ మళ్ళీ తెల్లగానే వచ్చాయి.

పొద్దున కారును పాకాల దాకా నడిపి తిరిగొచ్చి, ఇంజను వేడి మీదే నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి బల్ల మీద వరసగా పెట్టాను. ముందు రెండూ కాల్చిన ఇటుక రంగు, ఎలా ఉండాలో అలాగే. వెనక రెండూ ముగ్గుపిండి. అంటే ఆ రెండు సిలిండర్లకూ పెట్రోలు చాలడం లేదు, గాలి ఎక్కువ పోతోంది, మంట మితిమీరి వేడెక్కుతోంది. చంద్రగిరి నుంచి తిరుపతి పోయి వచ్చే బండికైతే ఇదొక జలుబు. దీనికి అలా కాదు. ఇరవై మూడో తేదీ ఇది మొగిలి ఘాటు ఎక్కాలి. ఆ ఎక్కుడులో పిస్టన్ వేడికి పట్టేసిందంటే బండి నడిరోడ్డు మీద నిలిచిపోతుంది, వెనకాల లోడు లారీలు. నడిపేది పంకజాక్షమ్మ. అరవై మూడేళ్ళ మనిషి.

ఆమె మాట ఇంకా తలలో తిరుగుతోంది. "లారీలో ఎక్కించుకోని పొయ్యేదానికైతే నీ తావకి యాల తెస్తానప్పా? మా నాయన దీంట్లో కూసోబెట్టి నాకు బండి తోలేది నేర్పినాడు. బెంగళూరు పాత కార్ల ఎగ్జిబిషనుకి నేనే తోలుకోని పోతా." చిత్తూరులో బెల్లం మండీ నడిపిన కుటుంబం వాళ్ళది. 1951 నాటి ఇంగ్లీషు కారు. వాళ్ళ నాయన పోయాక ఇరవై ఏళ్ళు గోతాల కింద పడి ఉంది. దానికి మళ్ళీ ప్రాణం పోసింది నేను. నాలుగు నెలల పని.

పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకిచ్చే కార్బరేటర్లు దీనికి రెండు. ముందుది ముందు రెండు సిలిండర్లకు, వెనకది వెనక రెండింటికి. రెండూ సమానంగా గాలి పీల్చాలి, అంతే. ఆ సమానం కూర్చడం మా కుప్పుస్వామి మేస్త్రీ నేర్పిన విద్య. రెండు రబ్బరు గొట్టాలు తీసుకోవాలి. ఒకటి ముందు కార్బరేటర్ నోట్లో పెట్టి దాని కొస కుడి చెవిలో పెట్టుకోవాలి. ఇంకోటి వెనకదాని నోట్లో పెట్టి కొస ఎడమ చెవిలో పెట్టుకోవాలి. కళ్ళు మూసుకోవాలి. ఏ వైపు గాలి ఎక్కువ పోతే బుస ఆ వైపు వినిపిస్తుంది. స్క్రూ తిప్పుతూ పోతే అది జరిగి జరిగి సరిగ్గా నుదుటి మధ్య, నామంలో ఎర్రగీత పెట్టే చోట, వచ్చి నిలబడుతుంది. అప్పుడు రెండూ సమానం. గేజీలూ మీటర్లూ చూసుకునేవాళ్ళు చూసుకోనీ. ఈ రెండు జిల్లాల్లో ఇలా చెవితో కూర్చేవాణ్ణి నేనొక్కణ్ణే అని అందరూ అంటారు. నేను అనడం కాదు.

నిన్న కూడా అలాగే కూర్చాను. నుదుటి మధ్యే నిలబడింది. అయినా వెనకవి తెలుపు.

గ్రేసీ సత్యవేడులో ఉంది. వాళ్ళమ్మకు మోకాలి ఆపరేషన్ అని పది రోజులు సెలవు పెట్టింది. ఐ.టి.ఐ. చదివిన మనిషి, ఆరేళ్ళుగా నా షెడ్డులో పని. ఉంటే చేతికింద సాయంగా ఉండేది. లేనంత మాత్రాన ఆగిపోయే పని కాదు ఇది.

ఆగస్టు 5, మంగళవారం

గాస్కెట్ లీకని తేల్చాను. కార్బరేటర్‌కూ ఇంజనుకూ మధ్య అతుకులో ఎక్కడో దొంగగాలి లోపలికి పోతోంది. పాతది పీకి కొత్తది కోసి వేశాను. ఇంజను నడుస్తుండగా అతుకు చుట్టూ నూనె చుక్కలు వేసి చూశాను. లీకుంటే నూనెను లోపలికి లాగేసుకుంటుంది. ఒక్క చుక్క కూడా కదల్లేదు. పోనీ, కొత్త గాస్కెట్ వేస్తే నష్టమేముంది.

ఆగస్టు 6

తెలుపు.

ఆగస్టు 7, గురువారం

జబ్బు ఎక్కడుందో తేలకపోతే వస్తువులు తారుమారు చేసి చూడాలి. వస్తువుతో పాటు జబ్బు కూడా జరిగితే వస్తువుది తప్పు. జరక్కపోతే తప్పు ఇంకెక్కడో ఉంది. మేస్త్రీ నాకు మొదటి రోజు చెప్పిన పాఠం ఇది. ముందు ప్లగ్గులు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి నడిపాను. తెలుపు వెనకే. కరెంటు వైర్లు మార్చాను. వెనకే.

ధరణి ఈ మధ్య గొణుగుతోంది. ముప్పై ఏళ్ళు వీధి చివరికి వినిపించేలా మాట్లాడిన ఇల్లాలు, ఇప్పుడు పక్కన కూర్చుని నోట్లో నోట్లో మాట్లాడుతుంది. గట్టిగా చెప్పమంటే కోపం. "టీవీ పక్కింటికి ఇనపడేట్లు పెట్టుకొనేది నువ్వు, నన్నంటావా?" అంది. టీవీలో వాళ్ళు కూడా గొణుగుతున్నారు మరి, నన్నేం చేయమంటుంది?

ఆగస్టు 9, శనివారం

నిన్నా ఈరోజూ పట్టింది. రెండు కార్బరేటర్లనూ ఊడబీకి, వెనకదాన్ని ముందు, ముందుదాన్ని వెనక బిగించాను. ఇంతకంటే పెద్ద తారుమారు లేదు. గొట్టాలు పెట్టుకుని కూర్చాను. నుదుటి మధ్య నిలిచింది, గీత గీసినట్టు. పాకాల పోయి వచ్చాను. విప్పాను.

వెనక రెండూ తెలుపు.

కార్బరేటర్లది కాదన్న మాట. కంప్రెషన్ నాలుగింటికీ సమానం. వాల్వులు సరిగా ఉన్నాయి. ఇక మార్చి చూడటానికి ఈ బండిలో ఏమీ మిగల్లేదు.

పోయిన ఏడాది నుంచి రెండు కార్బరేటర్ల బండ్లు మూడు నా చేతి మీదుగా పోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. నా పనిలో తప్పుంటే అవీ రావాలి కదా. కాబట్టి తప్పు ఈ బండిదే.

ఎడమ చెవిలో గుబిలి పట్టినట్టుంది. ధరణి చేత వేడి నూనె వేయించుకున్నాను. ఈ కాలంలో అందరికీ ఉండేదే.

ఆగస్టు 11, సోమవారం

గ్రేసీ వచ్చింది. బల్ల మీద ప్లగ్గులు చూసింది, నా ముఖం చూసింది, ఏప్రాన్ తొడుక్కుంది. నేను భోజనానికి ఇంటికి పోయి వచ్చేసరికి పంకజాక్షమ్మ షెడ్డులో కూర్చుని ఉంది. చెప్పకుండా రావడం ఆమెకు అలవాటు.

"ఒక సుట్టు తిప్పుకోని వస్తానప్పా" అని తాళం తీసుకుంది. ఆపడానికి ఏ సాకూ దొరకలేదు. నలభై నిమిషాలకు వచ్చింది. దిగుతూనే నవ్వింది. "ఏమి సేసినావప్పా! మా నాయన తోలినప్పుడు ఎట్ల పోతా ఉండెనో అట్లే పోతా ఉండాది. ఎక్కుడులో గూడా ఊపిరి బట్టలేదు."

నేను తల ఊపాను. గ్రేసీ అటు తిరిగి స్పానర్లు తుడుస్తోంది.

ఆమె వెళ్ళాక ప్లగ్గులు విప్పాను. నాలుగూ ఇటుక రంగు. కనీసం నాకు అలా కనిపించాయి. ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది, ఆ వెలుగులో తెలుపు కూడా ఎర్రగా కనిపించవచ్చు. సరే అని గొట్టాలు పెట్టుకుని విన్నాను. బుస మొత్తం కుడి వైపే! అంటే ముందు కార్బరేటర్ ఒక్కటే పీలుస్తోంది. ఇలాంటి బండిని బాగుందని ఎలా అంది? ఆమెకు ఇంజను సంగతి తెలియదు, పాపం. వెనకదాని స్క్రూ తిప్పి మళ్ళీ మధ్యకు తెచ్చాను.

పొద్దున నేను కూర్చింది ఎలా పక్కకు జరిగింది? ఎవరో ముట్టుకున్నారు. "స్క్రూ ముట్టుకున్న్యావా?" అని గ్రేసీని అడిగాను. "లేదన్నా" అంది. చాలా త్వరగా అంది.

ఆగస్టు 12, మంగళవారం

గాస్కెట్ అట్ట కోసం తిరుపతి పోయాను. అంత దూరం పోయినవాణ్ణి ఎలాగూ అని చెవి డాక్టరు దగ్గర టోకెన్ తీసుకున్నాను. వరండాలో గంటన్నర కూర్చున్నాను. పేర్లు పిలుస్తున్నారు, లోపలికి పోతున్నారు, వస్తున్నారు. నా తర్వాత వచ్చినవాళ్ళు కూడా చూపించుకుని పోయారు. నా పేరు పిలవలేదు. పిలిచినట్టు లేదు. లేచి వచ్చేశాను.

అట్ట తేవడం మరిచిపోయాను.

ఆగస్టు 13, బుధవారం

ఇంట్లోంచి ధరణి గోళ్ళరంగు తెచ్చి, వెనక కార్బరేటర్ స్క్రూ మీద ఎర్రగా ఒక చుక్క పెట్టాను, స్క్రూకూ కార్బరేటర్ ఒంటికీ కలిపి. ఎవరు తిప్పినా చుక్క పగులుతుంది. దొంగను పట్టడానికి ఇంతకంటే మంచి పోలీసు లేడు. ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 14, గురువారం

పగిలింది.

భోజనం సగంలో లేచి వచ్చాను. గ్రేసీ ఒక్కతే షెడ్డులో ఉంది. స్క్రూ చూశాను. ఎర్రచుక్క రెండు ముక్కలు.

నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. కొన్ని రాస్తాను, నాకు గుర్తుండాలి కాబట్టి. "నా షెడ్డులో నా పని మీద చెయ్యి పెట్టేదానికి నువ్వెవురు మ్మే? నా పేరు చెడగొట్టి నువ్వు షెడ్డు పెట్టుకోవాలని సూస్తా ఉండావా? ఆ యమ్మ ఘాట్లో చచ్చిందంటే ఎవురిది పాపం?"

చివరి మాటకు గ్రేసీ తల ఎత్తింది. "అదే అన్నా నేను గూడా అనుకొనేది" అంది. తన సంచి తీసుకుంది. ఏప్రాన్ విప్పి మడిచి బల్ల మీద పెట్టింది. గుమ్మం దగ్గర నిలబడి ఇంకేదో అంది, రోడ్డు మీద బస్సు పోతోంది, నాకు సరిగా వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడగలేదు.

స్క్రూ తిప్పి మధ్యకు తెచ్చి, మళ్ళీ గోళ్ళరంగు పెట్టాను. ఇప్పుడు ముట్టుకునేవాళ్ళు లేరు.

ఆగస్టు 15

జెండా పండగ. పక్కన బడిలో మైకు. షెడ్డు తెరవలేదు.

ఆగస్టు 16, శనివారం

ఎవరూ ముట్టుకోలేదు. చుక్క పగల్లేదు. నుదుటి మధ్యే ఉంది. పాకాల పోయి వచ్చాను.

ప్లగ్గులు విప్పలేదు. విప్పినంత మాత్రాన ఏముంది, మాటిమాటికీ విప్పితే మరలు అరిగిపోతాయి.

పంకజాక్షమ్మ ఫోను. రేపు ఘాటు దాకా పోయి చూద్దామంటుంది. "ఆ పొద్దు అంత బాగా పొయ్యింది గదప్పా, భయమేమి?" సరేనన్నాను.

ఆగస్టు 17, ఆదివారం

కుదురుగా రాయాలి.

బంగారుపాళెం దాకా బాగానే పోయాం. ఆమె నడుపుతోంది, నేను పక్క సీట్లో. ఘాటు మొదలయ్యాక మూడో మలుపులో ఇంజను లోపల చిట్లుడు మొదలైంది, గాజులు పగిలినట్టు. అది నాకు ముందు తెలియలేదు. ఆమె చెప్పాకే తెలిసింది. "ఏందప్పా ఆ సద్దు?" అంది. నేను ఏమీ లేదన్నాను. ఇంకో ఫర్లాంగు పోయేసరికి ఊపు తగ్గిపోయింది. గేరు తగ్గించింది. ఆగిపోయింది. ఎడమ వరసలోనే, మలుపు దాటీ దాటగానే, ఎక్కుడు మీద. హ్యాండ్ బ్రేకు నిలవలేదు. బండి వెనక్కి జారుతుంటే ఆమె రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి పట్టుకుంది. "రాయి పెట్టప్పా, బిరీన!" అని అరిచింది.

దిగి, రోడ్డు పక్క నుంచి రాయి తెచ్చి, కుడి వెనక చక్రం కింద మోకాళ్ళ మీద కూర్చుని తోశాను. కారు వైపు తిరిగి కూర్చున్నాను. అంటే పల్లం నా ఎడమ పక్క. హారన్ వినపడింది. వినపడలేదని చెప్పను. వినపడింది. డివైడరు అవతల, పైనుంచి దిగి వచ్చే లారీది అనుకున్నాను. అటే చూశాను. రాయి కుదిరిందో లేదో చూద్దామని లేచి ఒక అడుగు వెనక్కి, రోడ్డు మీదికి వేశాను.

లారీ కింది నుంచి వస్తోంది. నా వెనక.

పంకజాక్షమ్మ కేక వేసింది. లారీ డ్రైవరు పుణ్యాత్ముడు, బండిని కుడికి కోశాడు. టార్పాలిన్ తాడు నా భుజం మీద చెళ్ళున తగిలింది. చొక్కా చినిగింది. అంతే. అంతకంటే ఏమీ జరగలేదు.

ఆమె తెల్లబోయి నన్నే చూస్తోంది. "కిందినించి లారీ హారన్ కొట్టుకుంటా వస్తా ఉంటే పైకి సూస్తావేమప్పా?"

గంట సేపు ఇంజను చల్లారనిచ్చి, పక్కనే డివైడరు సందులో తిప్పుకుని దిగి వచ్చేశాం. దారిలో అడిగింది, ఎందుకు ఆగిందని. "పెట్రోల్లో నీళ్ళు కలిసినాయమ్మా. ట్యాంకు కడిగేస్తే సరిపోతాది" అన్నాను. నమ్మింది. ముప్పై నాలుగేళ్ళ నా పేరును నమ్మింది.

షెడ్డుకొచ్చి ప్లగ్గులు విప్పాను. వెనక రెండింటి కొసలు తెల్లగా కూడా లేవు, కరిగి మెరుస్తున్నాయి. ఇంకో మలుపు ఎక్కి ఉంటే పిస్టన్లకు బొక్కలు పడేవి.

ఆగస్టు 18

కంప్రెషన్ చూశాను. ఇంజను బతికింది. ఇంకేమీ రాయను.

ఆగస్టు 19, మంగళవారం

సత్యవేడు పోయాను. పుత్తూరులో బస్సు మారాలి. కండక్టరు టికెట్ అడుగుతుంటే నేను కిటికీ బయటికి చూస్తున్నానట, భుజం తట్టి అడిగాడు. ఎడమ పక్క నిలబడ్డాడు.

గ్రేసీ వాళ్ళమ్మకు మంచం మీద కాలు చాపించి నూనె రాస్తోంది. నన్ను చూసి లేచింది. "టీ పెడతా, ఉండన్నా" అంది. మొన్న అంతలేసి మాటలు పడ్డ మనిషి. టీ తాగాక ఘాటు సంగతి చెప్పాను. లారీ సంగతి చెప్పలేదు. కానీ నా భుజం మీద వాత చూసింది.

"నీకొకటి సెప్పాలన్నా. తిట్టుకో, కొట్టుకో. ఏడాదిన్నరగా నువ్వు కూర్చిన బండ్లన్నీ, నువ్వు బువ్వకి పొయ్యినాక నేను గేజీ పెట్టి సరిచేస్తా ఉండా. పాత బండ్లు మూడూ అట్లే పొయ్యినాయి. ఈ బండికే, నేను లేనప్పుడు నువ్వు కూరిస్తివి."

"మూడూనా?"

"మూడూ. గేజీ నేనే కొనుక్కుంటి. క్యారియరు సంచిలో పెట్టుకోని వస్తా ఉంటి."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఏడాదిన్నర నన్ను బొమ్మను చేసి కూర్చోబెట్టింది. నేను స్క్రూ తిప్పి తల ఊపి ఇంటికి పోయి పప్పన్నం తినడం, ఈమె వెనక నుంచి నా పని చెరిపి తన పని పెట్టడం. "నాకు యాల సెప్పలేదు?" అని అరిచాను. మంచం మీద ముసలమ్మ జడుసుకుంది.

"ఎట్ల సెప్పేది? ఆడదానికి స్పానరు ఎవురిస్తారన్న పొద్దు, నువ్విస్తివి. నీ చెవి పోతా ఉండాదని నేనే నా నోటితో అనాల్నా?"

"నా చెవికేమీ లేదు."

గ్రేసీ టీ గ్లాసులు పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, నా కుడి పక్కకు జరిగి చెప్పింది. ఈ మనిషి ఎప్పుడూ నా కుడి పక్కనే నిలబడి మాట్లాడుతుందని అప్పుడు తట్టింది. "ప్లగ్గులు మార్చి సూసినావు. వైర్లు మార్చినావు. కార్బరేటర్లే మార్చినావు. గొట్టాలు మార్చి పెట్టుకో అన్నా. ముందరిది ఎడం చెవికి, ఎనకది కుడి చెవికి. ఊరికే సూడు. నేనేమీ అనను."

బస్సులో వచ్చేటప్పుడు ఆమెను చాలా తిట్టుకున్నాను. ఊతుకోట రోడ్డు తగిలేదాకా తిట్టుకున్నాను, తర్వాత తిట్లు అయిపోయాయి.

ఆగస్టు 20, బుధవారం

పొద్దున షెడ్డు ఊడ్చాను. స్పానర్లన్నీ సైజుల వారీగా సర్దాను. టీ తాగాను. ఇంకో టీ తాగాను. బండి కొత్త ప్లగ్గులతో సిద్ధంగా ఉంది, స్క్రూ మీద నా ఎర్రచుక్క అలాగే ఉంది. పదకొండింటికి స్టార్ట్ చేశాను.

మామూలుగా పెట్టుకున్నాను. నుదుటి మధ్య.

గొట్టాలు తారుమారు చేశాను. నా చెవులు రెండూ సమానమైతే ఏ గొట్టం ఏ చెవిలో పెట్టినా బుస మధ్యలోనే ఉండాలి. అది ఎగిరి కుడి వైపు పోయి కూర్చుంది, మొత్తం. ఎడమ వైపు ఏమీ లేదు. చేటలో బియ్యం ఎవరో పక్క వీధిలో చెరుగుతున్నట్టు, అంతే. మళ్ళీ మార్చాను. మధ్య. మళ్ళీ మార్చాను. కుడి. ఆరుసార్లో ఏడుసార్లో మార్చాను.

వెనకది నా ఎడమ చెవికి వినపడాలంటే రెండింతలు పీల్చాలి. అందుకే దాని స్క్రూ తెరిచాను. ప్రతిసారీ తెరిచాను. పెట్రోలు తగినంత లేకుండా గాలి ఒక్కటే పోయింది. ఇంజను మొదటి రోజు నుంచీ ప్లగ్గుల మీద తెల్లగా రాసి చూపిస్తోంది, నేనే చదవలేదు.

భయం వేసింది. సిగ్గు తర్వాత వచ్చింది. పంకజాక్షమ్మను ఆ ఎక్కుడు మీద నిలబెట్టింది నేను. నా చేత్తో, కళ్ళు మూసుకుని, మేస్త్రీ పేరు చెప్పుకుంటూ.

ఇంజను ఆపేసి గ్రేసీకి ఫోను చేశాను. "రా" అన్నాను. క్షమించమని అడగాలనుకున్నాను, ఆ మాట మాత్రం బయటికి రాలేదు.

ఆగస్టు 21, గురువారం

గ్రేసీ పొద్దున్నే వచ్చింది. ఏప్రాన్ తొడుక్కుంది. గేజీని మొదటిసారి నా ఎదురుగా సంచిలోంచి తీసింది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, రెండు కార్బరేటర్ల గాలికీ రెండు ముళ్ళు. గోళ్ళరంగు గోకి, స్క్రూ తిప్పి, రెండు ముళ్ళూ ఒక్కచోట నిలిపింది. పది నిమిషాలు పట్టింది. పాకాల పోయి వచ్చాం. నాలుగూ ఇటుక రంగు. ఈసారి ఎండ లేదు, మబ్బుగా ఉంది.

"ఆ యమ్మకి సెప్పినావా అన్నా?"

"సెప్తాలే."

ఆగస్టు 22, శుక్రవారం

ఫోను చేశాను. "అంతా సరిపొయ్యింది గదప్పా?" అంది. "సరిపొయ్యిందమ్మా. ట్యాంకు కడిగేసినా" అన్నాను.

ఫోను పెట్టేశాక గ్రేసీ నా ముఖం చూసింది. గేజీని సంచిలో పెట్టేసుకుంది, తిట్టినా బాగుండేది.

చెప్పకపోతే ఏం పోయింది? బండి బాగైంది. ఆమె బెంగళూరు పోతుంది. నా పేరు నాకుంటుంది. ఎవరికీ నష్టం లేదు. చెబితే రేపటి నుంచి ఈ షెడ్డుకు ఎవడొస్తాడు? చెవిటి మేస్త్రీ దగ్గరికి. ఇదే మాట నాలుగుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను.

ఆగస్టు 23, శనివారం

ఆరున్నరకే వచ్చింది పంకజాక్షమ్మ. పట్టుచీర కట్టుకుంది. బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. గ్రేసీ ఇంజను స్టార్ట్ చేసి ఇంకోసారి గేజీ చూసి, "సరిగ్గా ఉండాది" అంది. పంకజాక్షమ్మ ఆమె వైపు తిరగను కూడా లేదు.

"మునిచంద్రా, నీ గొట్టాలు పెట్టి సూడప్పా. మొన్న ఘాట్లో భయపడిపొయ్యినా. నువ్వు చెవి పెట్టి సరే అంటేనే నేను బండి కదిలిచ్చేది."

గొట్టాలు తీశాను. పెట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

బుస మొత్తం కుడి వైపు. వెనకది చచ్చిపోయినట్టే ఉంది. తప్పు. నా ఒళ్ళంతా తప్పు తప్పు అంటోంది. గ్రేసీ కూర్చింది నిజమని తెలుసు, రెండు ముళ్ళు చూశాను, నాలుగు ప్లగ్గులు చూశాను. అయినా నా చేయి తనంతట తానే స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. ఒక్క పావు చుట్టు తిప్పితే చాలు, నుదుటి మధ్యకు వస్తుంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆ చోటును నమ్మి బతికాను. కళ్ళు తెరిచేసరికి గ్రేసీ నా చేతినే చూస్తోంది.

గొట్టాలు తీసేశాను.

"అమ్మా, నాకు ఎడం చెవి ఇనపడదు" అన్నాను. "చానా దినాలైంది. నేను ఒప్పుకోలేదు. మొన్న ఘాట్లో ఆగిపొయ్యింది నా వల్లే. పెట్రోల్లో నీళ్ళు లేవు, అది అబద్ధం. నువ్వు బాగుండాదన్న పొద్దు కూర్చింది గ్రేసీ, ఈ పొద్దు కూర్చింది గూడా ఆ పిల్లే. నాకిప్పుడు ఇది తప్పుగా ఇనపడతా ఉండాది. కానీ తప్పు లేదు. పొయ్యిరామ్మా."

ఆమె పట్టుచీర కొంగు నడుముకు దోపుకుంది. ఇంజను నడుస్తూనే ఉంది. తర్వాత, అరవకుండా అంది. అరిస్తే ఓర్చుకునేవాణ్ణి. "ఆ పొద్దు లారీ కింద నువ్వు పడిపోయింటే, మీ ఇంట్లో ఆ యమ్మకి నేను ఏమని సెప్పుకోవల్లప్పా? నా ప్రాణమంటావా, పోనీ. తెలిసి తెలిసి అబద్ధం సెప్పి ఇంకోసారి పంపిచ్చేదానికి నీకు నోరెట్ల వచ్చింది, నిన్న?"

ఆమె గ్రేసీ వైపు తిరిగింది. "పాప్పా, నువ్వు ఎక్కు. బెంగళూరు దాకా నా పక్కన నువ్వుండాల." గ్రేసీ నన్ను చూసింది. సంచి తెచ్చి చేతికిచ్చాను. నిమ్మకాయలు చితికాయి. పంకజాక్షమ్మ పోతానని కూడా చెప్పలేదు. రోడ్డెక్కి, పాకాల వైపు మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

ఏడు నుంచి పదిన్నర దాకా ఏ పనీ చేయలేదు. మూడో మలుపు, నాలుగో మలుపు లెక్క పెట్టుకుంటూ షెడ్డులో తిరిగాను. స్క్రూ తిప్పి పంపి ఉండాల్సిందేమో అని రెండుసార్లు అనుకున్నాను. అదీ రాస్తున్నాను.

పది ముప్పై ఐదుకు గ్రేసీ ఫోను. పలమనేరు నుంచి. "ఎక్కేసినామన్నా. యాడా ఆగలేదు. పైన పక్కకి నిలిపి ప్లగ్గులు ఇప్పి సూసినా. నాలుగూ ఒకే రంగు."

"మంచిది" అన్నాను. "మొన్న నిన్ను అన్న మాటలు..." అన్నాను. అవతల లారీల రొదలో ఆమె ఏమందో వినపడలేదు. "గట్టిగా సెప్పు గ్రేసీ, నాకు ఇనపడలా" అన్నాను. తప్పు నా చెవిదేనని ఒప్పుకుని ఈ మాట ఒక మనిషితో అనడం ఇదే మొదటిసారి. "టిఫిను తిన్నావా అంటా ఉండానన్నా!" అని అరిచింది.

ఫోను పెట్టి కూర్చుని ఏడ్చాను. నా చెవికి తప్పని వినిపిస్తున్న బండిని నా నోటితో పొమ్మన్నాను, అది ఘాటెక్కింది.